మెట్లు ఎక్కొచ్చు, బకెట్ ఎత్తకూడదు

"మా నాన్నగారికి బైపాస్ చేసి ఇంటికి పంపారు. రోజూ నడవమన్నారు, మెట్లు కూడా ఎక్కమన్నారు. నీళ్ళ బకెట్ మాత్రం ముట్టుకోవద్దన్నారు. ఆపరేషన్ జరిగింది గుండెకు కదండీ, మెట్లెక్కగలిగిన గుండె బకెట్ మొయ్యలేదా?" అని గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఇలాంటి ప్రశ్న వేసే పిల్ల తరగతికి ఒకరున్నా చాలనుకునేవాణ్ణి.

జవాబు గుండెలో లేదు, దాని ముందున్న ఎముకలో ఉంది. మెడ కింద గుంట నుంచి కడుపు పైదాకా జానెడు పొడుగున బల్లపరుపుగా ఉండే ఎముక ఉరోస్థి. మనం రొమ్ము ఎముక అంటాం. గుండెను చేరాలంటే దాన్ని నిలువునా రంపంతో రెండుగా కోస్తారు. కైరోలో హెర్బర్ట్ మిల్టన్ అనే సర్జన్ 1897లోనే ఈ దారి చూపించాడు. 1957లో అమెరికాలో ఆర్మండ్ జూలియన్ గుండె ఆపరేషన్లకు ఇదే మేలని చెప్పాక అందరూ అందుకున్నారు. పని అయ్యాక ఆ రెండు చెక్కల్నీ దగ్గరికి చేర్చి స్టీలు తీగలతో బిగిస్తారు. అంటే మీ నాన్నగారు ఇంటికి తెచ్చుకున్నది బాగుపడిన గుండెనీ, విరిగిన ఎముకనీ.

మా బావగారికి ఆపరేషన్ అయ్యాక ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. బూడిదరంగు ఛాతీ మధ్యలో ఒకదాని కింద ఒకటి తెల్లటి తీగ ముడులు ఏడున్నాయి. ఒక్కోదాని కొసన రెండు మూడు మెలికలు. "ఇది మన శ్లాబు పనే కదరా!" అన్నారాయన. నిజమే. రాడ్ బెండింగ్ మేస్త్రీ రెండు ఊచలు కలిసేచోట బైండింగ్ వైరు చుట్టి, హుక్కుతో గిర్రున రెండు తిప్పులు తిప్పి వదిలేస్తాడే, అచ్చం అదే.

ఆయన మాట నన్ను వదల్లేదు. బైండింగ్ వైరు శ్లాబు బరువు మొయ్యదు. కాంక్రీటు గట్టిపడేదాకా ఊచలు జరగకుండా పట్టుకోవడమే దాని పని. తర్వాత అది లోపలే ఉండిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. రొమ్ము ఎముక తీగలూ అంతే. ఇబ్బంది పెడితే తప్ప వాటిని జన్మలో తియ్యరు. బలం రావాల్సింది ఎముక అతుక్కుంటేనే, దానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. స్కాన్‌లో ఆ గీత ఇంకా కొన్ని నెలలపాటు కనిపించినా ఆశ్చర్యం లేదు.

శ్లాబుకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. శ్లాబు వేశాక మనిషిని కూడా ఎక్కనివ్వం. చెయ్యి విరిగితే సిమెంటు కట్టు వేసి కదలనివ్వం. ఛాతీకి కట్టు ఎలా వేస్తాం, ఊపిరి ఆడొద్దూ? నిమిషానికి 15 చొప్పున వేసుకోండి, రోజుకి 21,600 సార్లు. (ప్రతి శ్వాసా జపమే అనే అజపా జపం చెప్పే మన యోగులదీ సరిగ్గా ఇదే అంకె. వాళ్ళు లెక్కపెట్టారో, గుండ్రంగా కుదిరిందో గానీ పిల్లలకి గుణకారం నేర్పడానికి భలే పనికొచ్చేది.) అన్నిసార్లూ ఆ అతుకు కాస్తంత కదులుతూనే ఉంటుంది.

మరి అతుక్కునేదెలా? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, నాకు నచ్చిన లెక్క వస్తోంది. స్టీఫన్ పెరెన్ అనే స్విస్ సర్జన్ చెప్పిన సూత్రం ఇది: పగులు మధ్య ఏ కణజాలం పుట్టాలన్నా, అక్కడి సాగుదలను అది తట్టుకోగలగాలి. మొదట పుట్టే మెత్తటి కణజాలం తన పొడవుకి 100 శాతం దాకా సాగినా తెగదు. మృదులాస్థి (చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక) సుమారు 10 శాతం ఓర్చుకుంటుంది. ఎముక 2 శాతమే. సందు 1 మిల్లీమీటరు అనుకోండి. అక్కడ కదలిక 0.02 మిల్లీమీటరు దాటుతున్నంతకాలం ఎముక పుట్టదు. మరి ముందుగా కదలిక ఆపేదెవరు? ఆ మెత్తటి కణజాలమే. అది పుట్టి సందుని కాస్త బిగిస్తుంది. ఆ బిగువులో మృదులాస్థి పుట్టి ఇంకాస్త బిగిస్తుంది. అప్పుడుగానీ ఎముక వంతు రాదు. మధ్యలో ఎవరైనా ఒక్క గుంజు గుంజితే ఈ వరస వెనక్కి పోతుంది.

గుంజేవాళ్ళలో మొదటిది దగ్గు. గట్టి దగ్గుకి ఛాతీలో పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసం దాటుతుంది, బాగా గట్టిదైతే 300 దాకా పోతుంది. ఛాతీని 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పీపా అనుకుంటే, 100 దగ్గర అతుకుని విడదీసే బలం దాదాపు 400 న్యూటన్లు. నలభై కిలోల బరువు వేలాడదీసినట్టు. మోటు లెక్కే, ఇందులో కొంత కండరాలు భరిస్తాయి. అయినా మిగిలినదాన్ని పంచుకోవాల్సినవి మిల్లీమీటరు కన్నా సన్నటి ఆరేడు తీగలు. తీగ తెగదు. ఎముకే కోసుకుపోతుంది, ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు. దగ్గొచ్చినప్పుడు దిండు గుండెకు హత్తుకోమనేది అందుకే. బయటి నుంచి నొక్కితే రెండు చెక్కలూ ఎడం కావు. దగ్గు ఆపుకోమని మాత్రం చెప్పకండి, కఫం లోపల ఉండిపోతే అదో తంటా. ఊపిరి పీల్చి బంతుల్ని లేపే మూడు బంతుల స్పైరోమీటరు ఇచ్చేదీ ఊపిరితిత్తుల అడుగుభాగం మూసుకుపోకుండా ఉండడానికే.

రెండోది చేతులు. ఛాతీ మీది పెద్ద కండరం ఒక కొస భుజం ఎముకకీ, ఇంకో కొస రొమ్ము ఎముక అంచుకీ అతుక్కుని ఉంటుంది. చెయ్యి చాపి బరువెత్తితే భుజం దగ్గర కండరాలకి దొరికే పిడి (కీలు నుంచి దూరం) ఐదారు సెంటీమీటర్లు, బరువున్నది అరవై సెంటీమీటర్ల దూరంలో. ఐదు కిలోల బియ్యం సంచికి కండరాలు యాభై, అరవై కిలోల లాగుడు లాగాలి. అందులో ఛాతీ కండరం వంతు నేరుగా ఆ అతుకు మీద పడుతుంది. అదే మోచేతులు డొక్కలకి ఆనించి పట్టుకుంటే దూరం సగానికి పడిపోతుంది. అమెరికాలో డాలస్‌లోని బేలర్ ఆసుపత్రి వాళ్ళు 2016లో ఈ లెక్క మీదే ఒక పద్ధతి ప్రచురించారు: పై చేతులు ఒంటికి ఆనించి, ఒక గొట్టంలో ఉన్నట్టు పనులు చేసుకోమని. ఇన్ని కిలోలు దాటి ఎత్తొద్దనే నిషేధం కన్నా నాకిదే నచ్చింది. అయితే మీ సర్జన్ చెప్పిన హద్దు దాటకండి, ఆ ఎముకని కళ్ళారా చూసింది ఆయనే.

నిండు బకెట్ పదిహేను కిలోలు. పైగా ఒంటిచేత్తో ఎత్తుతాం, ఒక చెక్క పైకీ ఒక చెక్క కిందికీ జారబోతుంది. మెట్లకి పనిచేసేవి కాళ్ళు. ఎముకకి బరువు లేదు, గుండెకి కావాల్సిన కసరత్తు దొరుకుతుంది. రెయిలింగు తూకం కోసం పట్టుకోవాలంతే, దాన్ని లాగుతూ ఎక్కితే బకెట్ ఎత్తినట్టే.

మన ఇళ్ళలో అసలు ప్రమాదం పరామర్శకొచ్చిన బంధువు. పెద్దాయన లేవబోతుంటే ప్రేమకొద్దీ రెండు చేతులూ పట్టుకుని ఒక్క గుంజు. బావగారు "అబ్బా" అని అరిచారు, వచ్చినాయన గుండెపోటేమోనని హడలిపోయాడు. లేపాలంటే ఆయన్ని పక్కకి తిరగనిచ్చి, కాళ్ళు మంచం కిందికి వేయించి, వీపు కింద చెయ్యి వెయ్యాలి. తర్వాతది మరుగుదొడ్డి. నేలబారు దొడ్డిలో కుళాయి పట్టుకుని లేస్తారు. నొప్పి మాత్రల్లో కొన్నిటికి మలబద్ధకం వస్తుంది, ముక్కితే అది పొడుగాటి దగ్గే. కుర్చీ కమోడు వెయ్యండి, సిగ్గేం లేదు.

ఇక పత్యం. "పప్పు తింటే చీము పడుతుంది" అని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. చీము పట్టించేది బాక్టీరియా, కందిపప్పు కాదు. ఎముక కూడా శ్లాబులాంటిదే: ముందు కొలాజెన్ అనే ప్రొటీన్ ఊచలు, ఆ తర్వాతే కాల్షియం కాంక్రీటు. ఊచలకి సరుకు పప్పు, గుడ్డు, చేప, పెరుగు. నోరు కట్టేసి, చారన్నంతో నెల గడిపితే కట్టేది దేంతో? (కిడ్నీ ఇబ్బంది ఉంటే డాక్టర్ని అడగండి.) క్యూరింగ్ నీళ్ళ సంగతీ ఉంది. బైపాస్‌లో చాలామందికి రొమ్ము ఎముక ఎడమ అంచు పక్కన దిగే రక్తనాళాన్ని మళ్ళించి గుండెకి కలుపుతారు. అది ఎముకకి కూడా రక్తం ఇచ్చే కాలువే. చుట్టుపక్కల చిన్న నాళాలు ఆ లోటు పూడ్చేదాకా అటువైపు తడి తక్కువ. షుగరూ సిగరెట్టూ తోడైతే మరీ తక్కువ.

మందులు, ఉప్పు, కాలి వాపు వగైరా డిశ్చార్జి కాగితంలో రాసే ఉంటాయి, చదువుకోండి. కొన్నిటిని మాత్రం చెవితో, కంటితో కనిపెట్టాలి. తిరిగినప్పుడో దగ్గినప్పుడో ఛాతీలో "టక్" మన్నా, చెక్కలు ఒరుసుకున్నట్టున్నా, కుట్ల దగ్గర ఎర్రబడి కారినా, జ్వరం వచ్చినా సోమవారం దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

బకెట్ సంగతంటారా, నాన్నగారు మాట వినే మనిషి కాకపోతే దాన్ని కుళాయి కిందే ఉంచి, పక్కన స్టూలు వేసి, చేతికి మగ్గు ఇవ్వండి.