‘ఇన్ ద స్వీట్ బై అండ్ బై’: పరలోక నిరీక్షణ పాటపై అపోహలు – వాస్తవాలు

సంఘ క్వాయర్‌కు (గాయక బృందానికి) నాలుగు స్వరాలలో పాడటం నేర్పించే పనిలో ఉన్నందువల్ల, భూస్థాపన కూడికలకు ఏ ఇంగ్లీషు పాట పాడాలన్న ప్రశ్న తరచూ నా దగ్గరకు వస్తుంది. చాలామంది కోరేది ‘ఇన్ ద స్వీట్ బై అండ్ బై’. అయితే కోరేవారిలోనూ, పాడేవారిలోనూ ఈ పాటను గురించి కొన్ని పొరపాటు అభిప్రాయాలు నాటుకుపోయి ఉన్నాయి.

అపోహ: ఇది చనిపోయినవారికి చెప్పే వీడ్కోలు పాట.

ఫోన్ పెట్టేసే ముందు మనం రోజూ అనే ‘బై’ ఇందులో రెండుసార్లు వినిపించడమే ఈ అపోహకు మూలం. ‘బై అండ్ బై’ అంటే ‘ముందు ముందు’, ‘కొంత కాలానికి’ అని అర్థం; ఆ అందమైన తీరాన మనం మళ్లీ కలుసుకుంటాం అన్నదే పల్లవిలోని మాట. ఒకసారి సాధనలో మా సొప్రానోలు (అన్నిటికన్నా పై స్వరం పాడే స్త్రీలు) పల్లవిని ఏడుపు గొంతుతో సాగదీస్తూ ఉంటే పాట ఆపి ఈ అర్థం చెప్పాను. తర్వాత ఎవరూ చెప్పకుండానే వేగం దారిలో పడింది. బాణీ కూడా సాధారణంగా ఉల్లాసంగా వినిపించే మేజర్ స్కేల్‌లోనే ఉంది. పొడుగు స్వరం వెంటనే పొట్టి స్వరం వచ్చే నడక దానిది, సాగదీస్తే ఆ నడక చెడిపోతుంది.

అపోహ: ఆప్తులను పోగొట్టుకున్న ఒక పాస్టరు దీనిని రాశారు.

రాసినది పాస్టరు కాదు, రాసినది ఒక్కరూ కాదు. మాటలు శాన్‌ఫోర్డ్ ఫిల్‌మోర్ బెన్నెట్‌వి, బాణీ జోసెఫ్ ఫిల్‌బ్రిక్ వెబ్‌స్టర్‌ది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్క్‌హార్న్ అనే చిన్న ఊరిలో బెన్నెట్‌కు మందుల దుకాణం ఉండేది. వెబ్‌స్టర్‌కు అప్పుడప్పుడు మనసు బాగా కుంగిపోయేదని, అలాంటప్పుడు కొత్త పాట ఒకటి చేతిలో పెడితే కోలుకునేవారని బెన్నెట్ స్వయంగా రాశారు. ఒకనాడు వెబ్‌స్టర్ దుకాణంలోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా మంట దగ్గరకు వెళ్లి వీపు తిప్పి నిలబడ్డారు. ఏమైందని అడిగితే, ఏమీ లేదు, ‘బై అండ్ బై’ (ముందు ముందు) అంతా బాగవుతుందన్నారు. ఆ ‘బై అండ్ బై’ అన్న మాటనే పట్టుకొని బెన్నెట్ అక్కడే తన బల్ల దగ్గర మూడు చరణాలు, పల్లవి రాసి ఇచ్చారు. చదువుతూ ఉండగానే వెబ్‌స్టర్ కళ్లలో వెలుగు వచ్చిందట. స్వరాలు రాసుకొని, వయొలిన్ అందుకొని వాయించి చూశారు. కలం పట్టిన అరగంట లోపే, దుకాణానికి వచ్చిన ఇద్దరు మిత్రులతో కలిసి నలుగురూ దానిని పాడారు.

నేను ఈ సంగతిని ప్రతి కొత్త బృందానికీ చెబుతాను. కుంగుబాటుతో ఉన్న విశ్వాసిని ‘విశ్వాసం చాలలేదు’ అని నిందించే మాటలు మన సంఘాలలో ఇప్పటికీ వినబడుతున్నాయి. అలా మాట్లాడేవారు ఎంతో ప్రేమగా పాడుకునే ఈ బాణీ మాత్రం కుంగిపోయిన మనిషి చేతి నుండి వచ్చింది.

అపోహ: అరగంటలో వచ్చింది కాబట్టి దీని వెనుక శ్రమ లేదు.

బెన్నెట్ అంతకుముందు పత్రికలో పనిచేసినవారు. వెబ్‌స్టర్ స్వరపరచిన ‘లొరీనా’ అనే 1857 నాటి పాటను అమెరికా అంతర్యుద్ధంలో ఇరుపక్షాల సైనికులూ పాడుకున్నారు. పైగా వీరిద్దరూ కలిసి పాటలు కట్టడం అప్పటికే అలవాటైన పని. ఈ పాట 1868లో ‘ద సిగ్నెట్ రింగ్’ అనే పాటల పుస్తకంలో అచ్చయింది. బెన్నెట్ తర్వాత వైద్యం చదివి, 1874లో షికాగోలోని రష్ వైద్య కళాశాల నుండి పట్టా పొందారు.

అపోహ: ఇందులోని వర్ణన అంతా బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం నుండి తీసుకున్నదే.

నివాసం సిద్ధపరచడం అన్న భావానికి మూలం ‘నా తండ్రి యింట అనేక నివాసములు కలవు’ అనే యోహాను 14వ అధ్యాయపు వాక్యం. పల్లవిలోని తీరం మాత్రం ప్రకటన గ్రంథం చూపిన దృశ్యం కాదు. ఆ గ్రంథం 21వ అధ్యాయం మొదటి వచనం ‘సముద్రమును ఇకను లేదు’ అంటుంది. మరణాన్ని యొర్దాను నది దాటడంగా చెప్పుకొనే క్రైస్తవ పాటల వాడుకకు దగ్గరగా ఉన్న చిత్రమిది. యేసు పేరు గానీ సిలువ గానీ మూడు చరణాలలో ఎక్కడా రావు. అందువల్ల ఆరాధన క్రమంలో దీని వెంట సిలువను చెప్పే పాట ఒకటి ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఇది బతుకులోని కష్టాలను మరచిపొమ్మనే పాట.

ఈ విమర్శకు పాత చరిత్ర ఉంది. కార్మిక గీతకారుడు జో హిల్ 1911లో ఇదే బాణీకి వ్యంగ్య గీతం కట్టి, ఆకలితో ఉన్నవాడికి పరలోకంలో తిండి చూపించే వీధి బోధకులను నిలదీశారు. బోధకుల మీద ఆ ఆక్షేపణ న్యాయమైనదే, మనం వినవలసినదే. కానీ బెన్నెట్ మాటలు ఆకలిగొన్నవారిని ఓర్చుకొమ్మని ఎక్కడా చెప్పవు. మూడో చరణం మన దినాలను పవిత్రం చేసే దీవెనల కోసం తండ్రిని స్తుతిస్తుంది, అవి ఇక్కడి దినాలే. భూస్థాపన కూడికలలో సమయం చాలదని మొదట కోత పెట్టేది ఆ చరణానికే. మా బృందం దానిని వదలదు; చివరి పల్లవిలో సొప్రానోలు ‘బై అండ్ బై’ అన్నాక టెనర్లు, బాస్‌లు (పురుషుల పై స్వరం, కింది స్వరం పాడేవారు) అదే మాటను వెనక నుండి అందుకొనే చోటు వరకు పూర్తిగా పాడుతుంది.