ఐదో రోజు దాకా ఆగమన్నది ఎవరు?

చిన్నపిల్లల్లో జ్వరంతో మొదలై రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బు మీద పిల్లల వైద్యుల పాత వాదన మళ్లీ రాజుకుంది. జ్వరం ఐదు రోజులు నిండాకే ఈ జబ్బు పేరు ఎత్తాలా, అంతకు ముందే గుండెకు ఎకో (శబ్ద తరంగాలతో చేసే స్కాన్) తీయించాలా? జపాన్ 2020లో తన మార్గదర్శకాల్లోంచి ఐదు రోజుల లెక్కనే తీసేసింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు కూడా లక్షణాలు స్పష్టంగా ఉంటే నాలుగో రోజునే నిర్ధారించవచ్చన్నాయి. అయినా ‘ఇంకా ఐదు రోజులు కాలేదు కదా’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

టోక్యోలో డాక్టర్ తొమిసాకు కవాసాకి 1961లో తొలి పిల్లవాణ్ణి చూడటం, 1967లో 50 మంది వివరాలు ప్రచురించడం అందరూ రాసిన కథే. నేటి తగాదా మూలం 1970లో ఉంది.

ఆ ఏడాది జపాన్‌లో ప్రభుత్వ నిధులతో ఒక పరిశోధక సంఘం దేశమంతటా సర్వే చేసింది. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో ఆసుపత్రులన్నిటికీ ఒకే కొలమానం కావాలి. అందుకోసం లక్షణాల పట్టిక ఒకటి తయారైంది. ఐదు రోజులకు తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు, పగిలిన పెదవులు, ఎర్రగా గింజలు తేలిన నాలుక, దద్దుర్లు, అరచేతుల అరికాళ్ల వాపు, మెడలో గ్రంథుల ఉబ్బు. అన్నీ పైకి కనిపించేవే, గుండె ఊసే లేదు. కవాసాకి సైతం మొదట్లో దీన్ని తనంతట తగ్గిపోయే జబ్బనే అనుకున్నారు. గుండె మీదా ప్రభావం ఉందని తకాజిరో యమమోతో అనే మరో వైద్యుడు 1960ల చివర్లో చెప్పినా అది వివాదంగానే మిగిలింది. సర్వే ఆ వివాదాన్ని తేల్చేసింది. హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి, శవపరీక్ష జరిగిన పిల్లలు పది మంది బయటపడ్డారు. గుండెకు రక్తం అందించే కొరోనరీ ధమనులు ఉబ్బి, వాటిలో రక్తం గడ్డకట్టడమే ఈ జబ్బులో ప్రాణాలు తీసేది.

అంటే పట్టిక ముందు పుట్టింది, ప్రమాదం తర్వాత తెలిసింది. ఐదు రోజుల గీత సర్వే కోసం గీసింది. అప్పుడు ఆగినందువల్ల పోయేదేమీ లేదు, ధమనులను కాపాడే మందే లేదు కనుక. 1984లో కెన్షి ఫురుషో బృందం ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసే రోగనిరోధక ప్రోటీన్ల మందు) ప్రయోజనాన్ని చూపించింది. 1991 నాటికి అమెరికాలో జేన్ న్యూబర్గర్ బృందం కిలో బరువుకు రెండు గ్రాముల చొప్పున ఒకే విడతగా ఎక్కించడం మేలని నిరూపించింది. మందు లేకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి ధమనులు దెబ్బతింటాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇస్తే అది నూటికి నాలుగుకు పడిపోతుంది. అప్పటినుంచి ప్రతి రోజుకూ విలువ వచ్చింది, గీత మాత్రం చాలాచోట్ల అక్కడే ఉంది.

ఆగమనేవారి వాదన ఖర్చుది. పది కిలోల బిడ్డకు ఇరవై గ్రాముల మందు కావాలి, తట్టు, అడినోవైరస్ జ్వరాలూ ఇలాగే కనిపిస్తాయి. నిజమే. కానీ ఎకో తీయడానికి ఆ ఖర్చు లేదు, అనుమానించడానికి అసలే లేదు.

ఆలస్యానికి ఎక్కువగా బలయ్యేది ఆరు నెలల లోపు పసివాళ్లు. వీళ్లలో తరచూ లక్షణాలు రెండో మూడో మాత్రమే ఉంటాయి, ధమనుల ముప్పు మాత్రం ఎక్కువ. ఈ పసివాళ్లకు కారణం తెలియని జ్వరం ఏడు రోజులు నిండితే, వేరే లక్షణం లేకపోయినా రక్త పరీక్షలు చేయించాలని, వాటిలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) ఆనవాళ్లు కనిపిస్తే ఎకో తీయించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుట్టగానే బీసీజీ వేసే మన దేశంలో మరో ఆనవాలు ఉంది: ఆ టీకా మచ్చ చుట్టూ ఎర్రబడి ఉబ్బడం. చేతివేళ్ల చివర తోలు ఊడటం రెండో మూడో వారంలో వస్తుంది. దాని కోసం ఎదురుచూస్తే మందు వేళ దాటిపోతుంది.

జబ్బు తగ్గాక గమనించడంలోనూ పాత లెక్క వదలాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో ధమని 3 మిల్లీమీటర్లు దాటితేనే ఉబ్బు అనేవారు. ఆరు నెలల పాపకు 2.8 మిల్లీమీటర్లు ఉన్నా ఆ లెక్కలో మామూలే. జెడ్ స్కోరు అంటే అదే ఎత్తు, బరువు ఉన్న పిల్లల సగటు నుంచి ధమని కొలత ఎంత పక్కకు ఉందో చెప్పే అంకె. ఆ స్కోరు 2.5 లేదా అంతకు మించితే ఉబ్బు కిందే లెక్క; పాప ధమని ఆ లెక్కలో చాలావరకు ఉబ్బే. నిర్ధారణ రోజున, చికిత్స తర్వాత ఒకటి రెండు వారాలకు, నాలుగు నుంచి ఆరు వారాలకు ఎకో చేయించాలి. ప్రతి రిపోర్టులో ‘నార్మల్’ అనే మాటతో సరిపెట్టకుండా ఒక్కో ధమని కొలతనూ, జెడ్ స్కోరునూ రాయమని తల్లిదండ్రులు అడగాలి.