క్యాజువాలిటీలో నిలబడితే వచ్చేస్తుందా? ఎమర్జెన్సీ వైద్య శిక్షణపై అపోహలు - వాస్తవాలు

ఒక బోధనాసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చాలా ఏళ్లుగా ఎంబీబీఎస్ విద్యార్థులకూ హౌస్‌సర్జన్లకూ పాఠం చెబుతున్నాను. ప్రతి కొత్త బ్యాచ్‌తోపాటు కొన్ని నమ్మకాలు కూడా లోపలికి వస్తుంటాయి. వాటిలో కొన్ని విద్యార్థులవి, కొన్ని వారి తల్లిదండ్రులవి, ఇంకొన్ని (చెప్పక తప్పదు) ఇతర విభాగాల్లో పనిచేసే నా తోటి అధ్యాపకులవి. తరచుగా వినిపించే వాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: అన్ని సబ్జెక్టులూ కొంచెం కొంచెం వచ్చినవారు ఎమర్జెన్సీని నడపగలరు; దానికి వేరే శిక్షణ అక్కరలేదు.

వాస్తవం: భారత వైద్య మండలి 2009లోనే ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది. అందుకు కారణం పనిలో ఉన్న వరుసే. తక్కిన వార్డుల్లో విద్యార్థి రోగి చెప్పేది విని, పరీక్షించి, జబ్బు పేరు తేల్చి, ఆ తర్వాత వైద్యం మొదలుపెట్టడం నేర్చుకుంటాడు. మా దగ్గర ఆ వరుస తిరగబడుతుంది. జబ్బు పేరు ఇంకా తెలియకుండానే శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆపైన ఒళ్లంతా పరీక్ష అనే క్రమంలో నడుస్తూ, ప్రాణం తీసే లోపం ఎక్కడ కనిపిస్తే అక్కడే దాన్ని సరిచేసి, అప్పుడే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల శస్త్రవైద్యుడు నడుపుతున్న చిన్న విమానం కూలింది. భార్య చనిపోయింది, పిల్లలు గాయపడ్డారు. వారిని తీసుకువెళ్లిన చిన్న ఆసుపత్రిలో జరిగిన వైద్యం చూసి ఆయన తీవ్రంగా కలత చెందాడు. ఆ అనుభవం నుంచి 1978లో మొదలైన కోర్సును 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ స్వీకరించింది. ఈనాడు ఏటీఎల్‌ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) పేరుతో ప్రపంచమంతటా నేర్పుతున్న పద్ధతి అదే. గాయపడిన మనిషి ఎదుట ఏది ముందు, ఏది తర్వాత అన్నదే దాని సారం.

అపోహ: ఎన్ని ఎక్కువ కేసులు చూస్తే అంత నేర్చుకుంటారు, రద్దీగా ఉండే ఆసుపత్రిలో పోస్టింగ్ పడితే చాలు.

వాస్తవం: ఈ అపోహే అన్నింటికంటే ప్రమాదకరమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. రోగులను చూడకుండా ఈ విద్య రాదు. కానీ చూసినదాన్ని సరిదిద్దేవారు పక్కన లేకపోతే, తప్పు కూడా అలవాటై చేతికి పట్టుబడిపోతుంది.

మన ప్రాంతంలో ఏ హౌస్‌సర్జన్‌కైనా మొదటి నెలలోనే ఎదురయ్యే పురుగుల మందు కేసును తీసుకోండి. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగిన మనిషి నోట నురగతో, చెమటతో, సూదిమొనలంత కుంచించుకుపోయిన కనుపాపలతో వస్తాడు. విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలని అందరికీ తెలుసు. ఎంతవరకు ఇవ్వాలని అడిగితే మాత్రం చాలామంది ‘‘కనుపాపలు పెద్దవయ్యేవరకు’’ అంటారు. ఎక్కడ నేర్చుకున్నారంటే సీనియర్ చెప్పారంటారు. ఆ సీనియర్‌కు మరో సీనియర్ చెప్పి ఉంటారు. నిజానికి మనం చూడవలసింది ఊపిరితిత్తులను. స్టెతస్కోపు పెడితే, విషం వల్ల ఊరిన ద్రవంతో వినిపించే తడి చప్పుడు పోయి గాలి శుభ్రంగా ఆడాలి, గుండె వేగం నిమిషానికి 80 దాటాలి, పై బీపీ 80కి తగ్గకుండా నిలబడాలి, చంకలు పొడిబారాలి. అప్పటివరకు దాదాపు ఐదేసి నిమిషాలకు మోతాదును రెట్టింపు చేస్తూ పోవాలి. ఆ స్థితికి చేరాక కూడా ఆపకుండా పోస్తే జ్వరం, కలవరింతలు, పేగుల చప్పుడు ఆగిపోవడం మొదలవుతాయి. కనుపాపనే నమ్ముకున్నవాడు ఊపిరితిత్తులు తడిగా ఉండగానే ఆపేయవచ్చు, లేదా అవి ఎప్పుడో ఆరిపోయాక కూడా ఇంకా ఇస్తూ ఉండవచ్చు. అటువంటి కేసులు వంద చూసినంత మాత్రాన ఈ పొరపాటు దానంతటదే దిద్దుకోదు.

‘‘ముందు పొట్ట కడిగించండి’’ అనే మాట కూడా అలా వారసత్వంగా వస్తున్నదే. స్పృహ తప్పిన మనిషికి శ్వాసమార్గాన్ని కాపాడే గొట్టం వేయకుండా పొట్ట కడిగితే, లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. బంధువులు మాత్రం పొట్ట కడిగితేనే వైద్యం జరిగిందని నమ్ముతారు కాబట్టి, ఆ ఒత్తిడి కింద నిలబడటం కూడా శిక్షణలో భాగమే. తాగింది గడ్డిమందు, అందులోనూ పారాక్వాట్, అయితే ఇంకో మెలిక ఉంది. వచ్చిన ప్రతి రోగికీ అలవాటుగా తగిలించే ఆక్సిజన్ ఇక్కడ ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఇవ్వకూడదు. అందుకే డబ్బా తెమ్మని బంధువులను పంపడం, దాని మీది పేరు చదవడం మా విద్యార్థులకు నేర్పే తొలి పనుల్లో ఒకటి.

కేసు ముగిశాక పది నిమిషాలు కూర్చుని ఏం చూశాం, ఏం అనుకున్నాం, ఏది ఆలస్యమైంది అని మాట్లాడుకుంటే, ఆ ఒక్క కేసు మాట్లాడుకోని పది కేసులకంటే ఎక్కువ నేర్పుతుంది. రద్దీ ఉన్నచోట ఆ పది నిమిషాలే దొరకవన్నది నిజం. రాత్రి రెండు గంటలకు నేనూ ఎన్నోసార్లు వదిలేశాను.

అపోహ: మంచి ఎమర్జెన్సీ వైద్యుడంటే వేగంగా నిర్ణయం తీసుకునేవాడు.

వాస్తవం: కొన్ని పనుల్లో వేగం తప్పనిసరి. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి చదవాలి. మాట తడబడుతూ వచ్చిన మధుమేహ రోగికి పక్షవాతమని తీర్మానించేముందే వేలికొన నుంచి ఒక్క చుక్క తీసి షుగర్ చూడాలి. ఏకాదశి ఉపవాసం ఉండి షుగర్ మాత్ర మాత్రం వేసుకున్న పెద్దవారు, రక్తంలో షుగర్ పడిపోయి, అలా వస్తుంటారు. అయితే చేతి వేగాన్ని విద్యార్థులు తీర్మానపు వేగంగా పొరబడతారు.

ఒక వానాకాలం తెల్లవారుజామున కడుపునొప్పితో ఒక కూలీని తీసుకొచ్చారు. హౌస్‌సర్జన్ గ్యాస్ట్రిక్ నొప్పిగా తేల్చి ఇంజెక్షన్ రాసేశాడు. పీజీ విద్యార్థిని మాత్రం రోగి రెప్పలు వాలిపోతున్నాయని గమనించి, రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగింది. నేల మీద పడుకున్నాడు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు కాటు గుర్తు కూడా కనిపించదు. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్ష చేస్తే మామూలుగానే వచ్చింది, దాంతో హౌస్‌సర్జన్ ‘‘చూశారా, పాము కాదు’’ అన్నాడు. ఆ పరీక్ష రక్తపింజరి కాటును పట్టిస్తుంది కానీ, నరాల మీద పనిచేసే కట్లపాము విషాన్ని పట్టించదు. కాసేపటికి ఆ మనిషికి మింగడం కష్టమైంది, ఆ తర్వాత శ్వాస బలహీనపడింది. విరుగుడు మందు ఇచ్చి, వెంటిలేటర్ మీద పెట్టి, బతికించగలిగాం. ఆనాటి నుంచి మా విభాగంలో ‘‘ఇది కాకపోతే ఇంకేమై ఉండవచ్చు’’ అన్న ప్రశ్నకు కేస్ షీట్‌లో ఒక గీత వదిలి పెడుతున్నాం, ఆ గీత ఖాళీగా ఉంటే నేను సంతకం చేయను.

అపోహ: బొమ్మల మీద శిక్షణ ఒక ఆట, అసలు పని రోగి దగ్గరే నేర్చుకోవాలి.

వాస్తవం: ఆగిన గుండెను మళ్లీ నడిపించే ప్రయత్నంలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా ఆరు దాటకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేలా నొక్కాలని చదివిన విద్యార్థి, బొమ్మ మీద మొదటిసారి చేసినప్పుడు దాదాపు ఎప్పుడూ లోతు తక్కువగానే నొక్కుతాడు. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి. మనిషిని మార్చాలన్న నియమం అందుకే పెట్టారు. ఇవన్నీ చనిపోతున్న మనిషి ఛాతీ మీద మొదటిసారి తెలుసుకోవలసిన సంగతులు కావు.

బొమ్మ దగ్గర నేర్పేది చేతిపని మాత్రమే కాదు. ‘‘అడ్రినలిన్ ఇవ్వండి’’ అని గాలిలోకి అంటే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరిస్తారు. పేరు పెట్టి పిలిచి చెప్పాలి, విన్నవారు మోతాదును తిరిగి పైకి అనాలి, ఇచ్చాక ఇచ్చామని చెప్పాలి. ఇంకో చిక్కు మన సంస్కారంలోనే ఉంది. ప్రొఫెసర్ పొరపాటు మోతాదు చెబితే మన విద్యార్థి నోరు విప్పడు, సార్‌కు ఎదురు చెప్పినట్టవుతుందని భయం. అందుకే బొమ్మ కేసుల్లో కావాలనే నేను తప్పు మోతాదు చెబుతాను. మొదట అందరూ నిశ్శబ్దంగా ఉండిపోతారు. కొన్ని వారాలకు ఎవరో ఒక అమ్మాయి ‘‘సార్, అది సగమే కదండీ’’ అంటుంది. ఆ మాట తర్వాత మిగతావారికీ ధైర్యం వస్తుంది.

అపోహ: ప్రమాదమో, విషమో అయితే ముందు పోలీసు కాగితం, తర్వాతే వైద్యం.

వాస్తవం: పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది: ప్రాణం కాపాడటం ముందు, లాంఛనాలు తర్వాత. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు నమోదు) రాయాలి, పోలీసులకు తెలపాలి, వైద్యంతో పాటుగా. ఇంతకు మించి చర్చ అనవసరం.

అపోహ: 108 సిబ్బంది పని రోగిని తెచ్చి దించి వెళ్లిపోవడమే.

వాస్తవం: 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సేవ మొదలైన నాటి నుంచి ఆ వాహనంలో ఒక టెక్నీషియన్ ఉంటున్నారు. రోగి ఎక్కడ, ఎలా పడి ఉన్నాడో కళ్లారా చూసింది ఆయన ఒక్కరే. స్ట్రెచర్ మార్చే హడావుడిలో ఆయన మాట వినకుండా సంతకం పెట్టి పంపేసే హౌస్‌సర్జన్ ఆ సమాచారాన్ని మళ్లీ ఎక్కడా సంపాదించలేడు.

అపోహ: చనిపోయారని చెప్పడం అనుభవంతో దానంతటదే వస్తుంది, అది నేర్పేది కాదు.

వాస్తవం: నేర్పకపోతే వచ్చేది తప్పించుకోవడమే. ‘‘సీరియస్‌గా ఉంది’’, ‘‘మా ప్రయత్నం చేస్తున్నాం’’ అని అప్పటికే మరణించిన మనిషి గురించి చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. బంధువులు ఆ మాట పట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్లడానికి అంబులెన్స్ మాట్లాడుకుంటారు. మేము నేర్పేది ఇది: వారిని పక్కకు పిలిచి కూర్చోబెట్టండి, మీరూ కూర్చోండి, రోగి పేరు పలకండి, వారికి ఇప్పటివరకు ఏం తెలుసో అడగండి, జరిగింది రెండు మాటల్లో చెప్పి, ‘‘చనిపోయారు’’ అనే మాట స్పష్టంగా అనండి, ఆ తర్వాత మౌనంగా ఉండండి. మొదటిసారి హౌస్‌సర్జన్ నా పక్కన కూర్చుని వింటాడు. రెండోసారి పేరు అడిగి కూర్చోబెట్టడం వరకు అతని పని. మూడోసారి మాట అతనిది, నేను పక్కన ఉంటాను. ఆ సాయంత్రం కేసు చర్చకు కూర్చున్నప్పుడు మోతాదుల సంగతి తర్వాతికి వాయిదా వేసి, ముందు దీని గురించే మాట్లాడుకుంటాం.