రెండు ఇంటర్‌ఫేసులు కలిపితే నాలుగు మైకులు వచ్చేస్తాయా?

గుంటూరు బ్రాడీపేటలో మాది ఒక్క గది స్టూడియో. వచ్చే కుర్రాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, నా దగ్గర రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉంది, మావాడి దగ్గర ఇంకోటి ఉంది. కలిపేస్తే నాలుగు మైకులు పెట్టుకోవచ్చుగా?" ఇంటర్‌ఫేస్ అంటే మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె. రెండూ రెండూ నాలుగే, కాదనను. చిక్కంతా వైర్లలో కాదు, రెండూ ఒకే తాళానికి నడవకపోవడంలో ఉంది.

అపోహ: రెండింట్లోనూ శాంపిల్ రేటు 48,000 పెట్టాను, ఇంకేం తేడా వస్తుంది?

వాస్తవం: 48,000 మీరు చెప్పిన అంకె. సెకనుకు అన్ని శాంపిళ్లు (ధ్వని కొలతలు) లెక్కపెట్టేది లోపలున్న క్వార్ట్జ్ ముక్క, దాన్నే క్లాక్ అంటాం. ఏ రెండు ముక్కలూ అచ్చంగా ఒకే వేగంతో కొట్టుకోవు. ఇద్దరు మృదంగం వాళ్లని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరిది ఒకరికి వినపడకుండా ఒకే కాలప్రమాణంలో గంటసేపు వాయించమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. తేడా పది లక్షల్లో 20 వంతులే అనుకోండి, సెకనుకు ఒక్క శాంపిల్ కూడా నిండదు. అదే గంటకు 72 మిల్లీసెకన్లవుతుంది. చెవికి బాగా తెలిసిపోతుంది.

నాకిది పుస్తకాల్లో చదివితే రాలేదు. ఒకసారి బుర్రకథ రికార్డింగ్‌కి కథకుడి గొంతు ఒక లాప్‌టాప్‌లో, వంతల గొంతులు, గుమ్మెటలు ఇంకో లాప్‌టాప్‌లో తీశాను. మొదట చప్పట్లు కొట్టించి రెండూ కలిపితే చక్కగా కూర్చుంది. తీరా కథ చివరికొచ్చేసరికి "తందాన తాన" ఎక్కడో వెనకాల నడిచొస్తోంది! ముక్కలు చేసి సర్దడానికి రెండు రాత్రులు పట్టింది. అప్పట్నుంచి మొదట్లోనే కాదు, చివర్లో కూడా చప్పట్లు కొట్టిస్తాను. రెండు చప్పట్ల మధ్య నిడివి ఎంత తేడా వచ్చిందో చూసి రెండో ట్రాకుని అంతమేర సాగదీస్తేనో కుదిస్తేనో సరిపోతుంది. చేతిలో డబ్బుల్లేనప్పుడు ఇదో మంచి దారి.

అపోహ: మ్యాక్‌లో రెండింటినీ ఒకటిగా చూపించొచ్చు కదా.

వాస్తవం: చూపించొచ్చు. ఆడియో మిడి సెటప్‌లో అగ్రిగేట్ డివైస్ తయారుచేసి, ఒకదాన్ని క్లాక్‌గా పెట్టి, రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ (ఈ వేగం తేడాని సర్దేది) టిక్ పెట్టాలి. ఆ టిక్ మర్చిపోతే మళ్లీ మొదటికే. విండోస్‌లో మామూలుగా ఒక సాఫ్ట్‌వేర్‌కి ఒకే ఏసియో డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడించేది). ఏసియో ఫర్ ఆల్‌తో రెండింటినీ ఒక చోట చేర్చినా, క్లాకుల్ని మాత్రం అది కలపదు.

అపోహ: ఒకదాని లైన్ అవుట్ తీసి ఇంకోదాని ఇన్‌పుట్‌లో పెడితే చాలు.

వాస్తవం: క్లాక్ గొడవ ఉండదు, నిజమే. కానీ రెండోదాని రెండు అవుట్‌పుట్‌లూ మొదటిదాని రెండు ఇన్‌పుట్‌లనీ తినేస్తాయి. మిగిలింది రెండు ట్రాకులే! మొదటిదానికి వెనకాల వేరే లైన్ ఇన్‌లు ఖాళీగా ఉంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది.

అపోహ: ఆప్టికల్ కేబుల్ పెట్టేస్తే అదే కలిసిపోతుంది.

వాస్తవం: కలపడానికి అసలైన దారి ఇదే, కానీ పెట్టేస్తే అయిపోదు. మీ పెట్టె వెనకాల ఎడాట్ ఇన్ (ఒకే ఆప్టికల్ కేబుల్‌లో చాలా ఛానళ్లు తీసుకునే సాకెట్) ఉందో లేదో ముందు చూసుకోండి. స్కార్లెట్ 2ఐ2 లాంటి చిన్నవాటికి అది ఉండదు. ఉంటే ఎనిమిది ప్రీయాంపులున్న (మైకు సిగ్నల్‌ని పెంచేవి), ఎడాట్ అవుట్ ఉన్న పెట్టె ఒకటి తెచ్చి తగిలించుకోవచ్చు. కేబుల్ కూడా టీవీకి సౌండ్‌బార్ కలిపేదే. శాంపిల్ రేటు 44.1 వేలు, 48 వేలైతే ఎనిమిది ఛానళ్లు, 96 వేలకి వెళ్తే నాలుగే. ఎస్పీడిఫ్ అనే ఇంకో రకం డిజిటల్ కనెక్షన్ అయితే రెండే. ఇక అందరూ మర్చిపోయేది క్లాక్ సెట్టింగ్. ఒకటి నడిపించాలి, ఇంకోటి అనుసరించాలి. ప్రీయాంప్ పెట్టెని ఇంటర్నల్‌లో (సొంత క్లాక్ మీద) ఉంచి, ఇంటర్‌ఫేస్ క్లాక్‌ని ఎడాట్‌కి మార్చండి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే పాట మధ్యలో టిక్కు టిక్కుమంటుంది. కేబుల్ పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు.

రెండో చిన్న ఇంటర్‌ఫేస్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి. ఉన్నది అమ్మేసి, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఎక్కువ ఇన్‌పుట్‌లున్నది ఒక్కటి తెచ్చుకుంటే ఇన్ని తిప్పలుండవు.

అపోహ: గుయ్యిమంటే ఎర్త్ పిన్ తీసేస్తే పోతుంది.

వాస్తవం: ఆ పిన్ జోలికి పోవద్దు, షాక్ కొడితే ప్రాణాపాయం. రెండు పెట్టెల్నీ, లాప్‌టాప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టండి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (దారిలో చేరే గోలని తగ్గించేవి) వాడండి. లాప్‌టాప్ ఛార్జర్ ఒక్కసారి పీకి చూడండి, గుయ్యి ఆగిందంటే దొంగ దొరికినట్టే. ఇంకొకటి: ఒకదాని లైన్ అవుట్‌ని రెండోదాని మైక్ సాకెట్‌లో పెట్టినప్పుడు 48 వోల్టుల బటన్ (కండెన్సర్ మైకులకి కరెంటు పంపేది) ఆఫ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే పవర్ వేయండి.