మెడికల్ అన్‌ఫిట్ అన్న తర్వాత బతుకు: చట్టం నడిచొచ్చిన దారి

అలిపిరి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో బస్సు నడిపే మనిషికి కాలు, చూపు, నడుము మూడూ గట్టిగా ఉండాలి. ఏ ఒక్కటి దెబ్బతిన్నా మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసేస్తుంది. ఆ కాగితం చేతికి రాగానే మన తిరుపతి ఇళ్లలో ముందు వినిపించే మాట, 'పిల్లోడికి ఉద్యోగం ఇస్తారంటనా?' అని. మెడికల్ ఇన్వాలిడేషన్ కింద, అంటే ఆరోగ్యం ఇక పనికి సహకరించదన్న కారణంతో రిటైరైతే, ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం దొరికే వీలుంది కాబట్టి ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ ఆ ఆశతో రిటైర్మెంట్ కాగితం మీద పెట్టే సంతకం వల్ల ఏ హక్కు పోతోందో చాలామందికి ఎవరూ చెప్పరు.

మొదట్లో చట్టం మనిషిని కాదు, పోయిన అవయవాన్ని చూసింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం ఏ అవయవం పోతే సంపాదన ఎంత శాతం తగ్గినట్టో పట్టిక వేసి, ఆ లెక్కన ఒకేసారి డబ్బు ఇప్పించింది. 1948లో వచ్చిన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం తన పరిధిలోని కార్మికులకు దాన్ని నెలనెలా వచ్చే భృతిగా మార్చింది. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1980 పెన్షన్ నిబంధనల్లో ఇలా అనారోగ్యంతో రిటైరైనవారికి ఇన్వాలిడ్ పెన్షన్ పెట్టారు. అయితే పదేళ్ల సర్వీసు నిండకపోతే ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీతోనే సరి. చిన్న వయసులో దెబ్బతిన్నవాడికే ఆసరా ఎక్కువ కావాలి, నిబంధన మాత్రం వాడినే బయట నిలబెట్టింది. పాత పెన్షన్ పరిధిలోని కేంద్ర ఉద్యోగులకు 2019 జనవరిలో ఈ షరతు తీసేశారు.

అసలు మలుపు 1995 వికలాంగుల చట్టంలోని 47వ సెక్షన్. 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి అంది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలో అదే రక్షణ 20వ సెక్షన్‌లో ఉంది.

మన ఇళ్లలో జరిగేదే పంజాబ్‌లోనూ జరిగింది. విద్యుత్ బోర్డులో చూపు పూర్తిగా పోయిన ఒక అసిస్టెంట్ లైన్‌మన్ తనను రిటైర్ చేసి భార్యకు ఉద్యోగం ఇవ్వమని రాసిచ్చాడు. తన హక్కు తెలియని మనిషి రాసిన ఆ కాగితాన్ని పట్టుకుని అధికారులు అతన్ని ఇంటికి పంపడం తప్పని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఏం చెబుతోందో అతనికి చెప్పాల్సిన బాధ్యత వాళ్లదేనని అంది. ఉమ్మడి ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవర్‌ను రంగులు గుర్తించలేడని 2016లో రిటైర్ చేశారు. 1979లో యూనియన్లతో కుదిరిన ఒప్పందంలోనే అలాంటివారికి వేరే పని ఇవ్వాలని ఉంది. అయినా అతనికి న్యాయం దక్కడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. తగిన పోస్టు, పాత బకాయిల్లో 25 శాతం ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

పెన్షన్ వచ్చినంత మాత్రాన బతుకు కుదుటపడదని నా గట్టి అభిప్రాయం. నలభై అయిదేళ్లకు ఇంట్లో కూర్చున్న మనిషికి పొద్దున్నే బాత్రూంకి పోవాలన్నా ఎవరో ఒకరు లేచి రావాలి. డిపో స్నేహితులు మొదట్లో వారం వారం వస్తారు, తర్వాత ఫోన్లు కూడా తగ్గిపోతాయి. తిరుపతిలో 1985 నుంచి టీటీడీ నడుపుతున్న బర్డ్ అనే ఎముకల, వికలాంగుల ఆస్పత్రి ఉన్నా, పలమనేరు నుంచి ఫిజియోథెరపీకి వచ్చిపోవాలంటే తోడు మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అదే మనిషిని డిపోలో కంట్రోలర్ పక్కన కుర్చీ వేసి రికార్డులు రాయమంటే జీతం నిలుస్తుంది, పలకరించే మనుషులూ ఉంటారు.

కరకంబాడి, శ్రీసిటీ ప్రైవేటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఈ హక్కు కూడా లేదు. 20వ సెక్షన్ ఇచ్చే ఈ ఉద్యోగ రక్షణ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. పనిలో ప్రమాదం జరిగితే ఈఎస్ఐ ఉంది. ఇంటి దగ్గర పక్షవాతం వచ్చి పూర్తిగా మంచాన పడితే మాత్రం ఈఎస్ఐ భృతి కొంతకాలమే, ఆ తర్వాత ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పెన్షన్ మీదే ఆధారపడాలి. దాని కనీస మొత్తం 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉండి అర్హత కుదిరితే 2024 నుంచి పెంచిన రాష్ట్ర పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా కదల్లేనివారికి 15,000 వస్తుంది. యాజమాన్యం వేరే పని చూపించాలన్న 20వ సెక్షన్ మాట మాత్రం ఈ ఫ్యాక్టరీ కార్మికులకు ఇప్పటికీ వర్తించదు.