చవక రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఇళ్ళకూ చిన్న దుకాణాలకూ నెట్ కనెక్షన్లు సరిచేయడం నా వృత్తి. ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఎక్కువమంది వాడేది వెయ్యి, పదిహేను వందల రూపాయలకు దొరికే వైఫై రౌటరే. దానికి కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం మానేసి ఏళ్ళు గడిచినా, దీపాలు వెలుగుతున్నంత కాలం ఎవరూ దానిని మార్చరు. అటువంటి రౌటర్‌కు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ నిజంగా మేలు చేస్తుంది. అయితే ఆ మేలు ఏమిటో, ఎక్కడ ఆగిపోతుందో తెలియక కొందరు లేని ఆశలు పెట్టుకుంటున్నారు, మరికొందరు లేని భయాలతో దూరంగా ఉంటున్నారు. పనిలో నాకు తరచుగా వినిపించే మాటలను తీసుకుని, ఒక్కొక్కదాని వెనుక ఉన్న విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: మోడల్ పేరు సరిపోతే చాలు, ఫైలు ఎక్కించవచ్చు.

వాస్తవం: జరిగే నష్టాలలో అధిక భాగం ఈ ఒక్క నమ్మకం వల్లనే జరుగుతున్నాయి కనుక దీనిని కొంత వివరంగా చెప్పాలి. రౌటర్ పెట్టె మీద ఉండే పేరు అమ్మకం కోసం పెట్టినది. లోపలి చిప్, ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ నిలిచి ఉండే చోటు), ర్యామ్ ఏవో చెప్పేది అడుగున అంటించిన స్టిక్కర్ మీది వెర్షన్ సంఖ్య. మన దగ్గర విరివిగా కనిపించే టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యుఆర్841ఎన్ మోడల్‌నే తీసుకుంటే, అదే పేరుతో ఎన్నో వెర్షన్లు వచ్చాయి. వెర్షన్ 13లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండగా, దాని తరువాత వచ్చిన వెర్షన్ 14లో ఫ్లాష్ 4 ఎంబీకి, ర్యామ్ 32 ఎంబీకి తగ్గిపోయాయి. కొత్తది కాబట్టి మెరుగైనదే అయి ఉంటుందని అనుకున్నవారు ఇక్కడే దెబ్బ తింటారు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పరికరాలకు అధికారికంగా వచ్చిన చివరి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ విడుదల శ్రేణి 19.07. దాని మద్దతు కూడా 2022లో ముగిసింది. 8 ఎంబీ, 64 ఎంబీ ఉంటే నేటి ఫర్మ్‌వేర్ ఇరుకుగా సరిపోతుంది. 16 ఎంబీ, 128 ఎంబీ ఉంటే కావలసిన అదనపు ప్యాకేజీలు (చిన్న ప్రోగ్రాములు) కూడా పడతాయి.

చిప్ తయారీదారు ఎవరన్నదీ చూడాలి. మీడియాటెక్, క్వాల్‌కామ్ అథెరోస్ చిప్‌లకు ఓపెన్ డ్రైవర్లు (చిప్‌ను నడిపే ప్రోగ్రాములు) బాగా ఉన్నాయి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు మాత్రం తగిన ఓపెన్ డ్రైవర్లు లేవు కనుక, వాటిలో ఫర్మ్‌వేర్ ఎక్కినా వైఫై సరిగా పనిచేయకపోవచ్చు. కాబట్టి కొనేముందు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వెబ్‌సైట్‌లోని పరికరాల పట్టికలో మోడల్‌ను, వెర్షన్‌ను, ఏ దేశం కోసం తయారైందన్నదాన్ని కలిపి సరిచూసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే వెర్షన్ సంఖ్య ముందుగా తెలియదు. పట్టణంలోని దుకాణంలో పెట్టె తిప్పి స్టిక్కర్ చదివి కొనే వీలుంది కాబట్టి, ఒక వంద రూపాయలు ఎక్కువైనా ఈ పనికి నేను దుకాణాన్నే సూచిస్తాను.

ఫైళ్ళలోనూ రెండు రకాలుంటాయి. కంపెనీ ఫర్మ్‌వేర్ ఉన్నప్పుడు ఎక్కించవలసినది 'ఫ్యాక్టరీ' ఇమేజ్ (ఫర్మ్‌వేర్ మొత్తం ఉన్న ఫైలు). ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఇప్పటికే ఉన్నప్పుడు ఎక్కించవలసినది 'సిస్‌అప్‌గ్రేడ్' ఇమేజ్. షావోమీ వంటి కొన్ని రౌటర్లలో కంపెనీ పేజీ నుంచి ఫైలు నేరుగా ఎక్కదు. ముందుగా లోపలికి ప్రవేశం తెరవవలసి ఉంటుంది. అది మొదటిసారి చేసేవారి పని కాదు. 'స్నాప్‌షాట్' అని రాసి ఉన్న ఫైళ్ళను కూడా కొత్తవారు వదిలిపెట్టాలి. అవి రోజువారీ ప్రయోగ నిర్మాణాలు కావడమే కాక, వాటిలో లూసీ అనే సెట్టింగుల పేజీ ఉండదు.

అపోహ: ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేస్తే సిగ్నల్ పెరట్లోకి కూడా అందుతుంది.

వాస్తవం: అందదు. రేడియో ఎంత బలంగా ప్రసారం చేయగలదన్నది దాని యాంప్లిఫయర్‌నూ, యాంటెన్నానూ, దేశ నిబంధనలనూ బట్టి ఉంటుంది. వైర్‌లెస్ సెట్టింగులలో దేశాన్ని ఇండియాగా పెట్టడం మన బాధ్యత. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని మరిన్ని భాగాలను 2018లోనూ లైసెన్స్ అవసరం లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. ఆ అనుమతి పరిమితమైన శక్తికే వర్తిస్తుంది. శక్తి పెరుగుతుందని వేరే దేశం పేరు పెట్టేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. రౌటర్ గొంతు పెంచినంత మాత్రాన ఫోను గొంతు పెరగదు. ఫోను పంపే సమాధానం రౌటర్‌కు చేరకపోతే తెరమీద గీతలు నిండుగా కనిపిస్తున్నా పేజీ తెరుచుకోదు.

పర్లాకిమిడి పాత వీధుల్లోని మందపు గోడల ఇళ్ళకు నేను చేసేది వేరు. రౌటర్‌ను వీధి గదిలోంచి ఇంటి నడుమకు మారుస్తాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, 1, 6, 11 ఛానెళ్ళలో పొరుగువారు తక్కువగా వాడుతున్నదానిని ఎంచుకుంటాను. మూలన పడి ఉన్న పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసి, కేబుల్ లాగి, రెండవ యాక్సెస్ పాయింట్‌గా (వైఫై అందించే మరో పెట్టెగా) వెనుక గదిలో పెడతాను. సిగ్నల్ సమస్యకు ఈ ఫర్మ్‌వేర్ చేయగల నిజమైన సహాయం ఇదే.

అపోహ: ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీతో నెట్ స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: ఆపరేటర్ ఇచ్చే వేగాన్ని ఏ ఫర్మ్‌వేరూ పెంచలేదు. చవక రౌటర్లలో చాలావాటికి ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులే కనుక 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కొలతలో సుమారు 94 దాటదు. కొన్ని రౌటర్లలో కంపెనీ ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ సహాయంతో ప్యాకెట్లను (డేటా చిన్న ముక్కలను) దాటించే చోట ఓపెన్ ఫర్మ్‌వేర్ ఆ పనిని ప్రాసెసర్ మీద వేస్తుంది కాబట్టి గరిష్ఠ వేగం తగ్గడం కూడా సాధ్యమే.

మెరుగుపడేది వేగం కాదు, ఆలస్యం. ఇంట్లో ఒకరు ఫోను నుంచి పెళ్ళి ఫొటోలు అప్‌లోడ్ చేస్తుంటే, పక్క గదిలో పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు తెగిపోవడం అందరికీ అనుభవమే. రౌటర్‌లోనూ మోడెమ్‌లోనూ ఉన్న బఫర్ (పంపేదాకా డేటా ఆగి ఉండే చోటు) నిండిపోయి, రేషన్ దుకాణం వరుసలో పెద్ద సంచుల వెనుక చిన్న సంచివాడు నిలబడిపోయినట్టు, క్లాసు తాలూకు చిన్న ప్యాకెట్లు అప్‌లోడ్ ప్యాకెట్ల వెనుక చిక్కుకుపోతాయి. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. దీనిని తగ్గించే ఎఫ్‌క్యూ-కోడెల్ అనే వరుస పద్ధతి 2012లో, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీకి ఆధారమైన లినక్స్ 3.5లోకి వచ్చింది, డేవ్ టాట్, జిమ్ గెటిస్ తదితరుల పేర్లతో 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. దానికి తరువాతిదైన 'కేక్' లినక్స్ 4.19లో చేరింది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఈ పద్ధతులను అమలుచేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ పరిమితులను నిజంగా కొలిచిన వేగంలో 85 నుంచి 95 శాతం వరకు పెడితే, వరుస ఆపరేటర్ పెట్టెలో కాక మన రౌటర్‌లోనే ఏర్పడుతుంది. అప్పుడు దానిని న్యాయంగా పంచవచ్చు. దీనికి ప్రాసెసర్ శక్తి కావాలి. ప్యాకెట్లను హార్డ్‌వేర్‌తోనే దాటించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ సెట్టింగును ఆన్‌లో ఉంచి ఎస్‌క్యూఎం కూడా పెడితే, ఎస్‌క్యూఎం తన పని చేయలేదు. రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి. తక్కువ వేగపు ప్లాన్ ఉండి నలుగురు వాడే ఇంటికి నేను ఎప్పుడూ ఎస్‌క్యూఎంనే సిఫారసు చేస్తాను.

అపోహ: మధ్యలో కరెంటు పోతే రౌటర్ ఇక చెత్తబుట్టకే.

వాస్తవం: భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. ఫ్లాష్‌లో రాస్తున్న నాలుగైదు నిమిషాలలో విద్యుత్తు పోతే రౌటర్ బూట్ కాకపోవచ్చు. వానాకాలంలో మన ఊళ్ళలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము కనుక రౌటర్ అడాప్టర్‌ను ఇన్వర్టర్ లైన్‌కో, చిన్న యూపీఎస్‌కో తగిలించి, వైఫై ద్వారా కాకుండా ఈథర్‌నెట్ కేబుల్ ద్వారానే పని మొదలుపెట్టాలి. దానికి ముందు దింపుకున్న ఫైలు షా256 సంకేతాన్ని (ఫైలు చెడలేదని తేల్చే అక్షరాల వరుసను) వెబ్‌సైట్‌లో ఇచ్చిన దానితో పోల్చాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఆగిపోతే దారులు వరుసగా ఉన్నాయి. రౌటర్ ఆన్ కాగానే మొదట నడిచే బూట్‌లోడర్ ఫర్మ్‌వేర్‌కు వేరుగా ఉంటుంది. దానిని మనం ముట్టుకోము కనుక అది సాధారణంగా బతికే ఉంటుంది. చాలా టీపీ-లింక్ రౌటర్లలో కంప్యూటర్‌కు 192.168.0.66 చిరునామా ఇచ్చి, టీఎఫ్‌టీపీ సర్వర్‌లో (కేబుల్ ద్వారా ఫైలు అందించే చిన్న ప్రోగ్రాములో) ఆ మోడల్‌కు నిర్దేశించిన పేరుతో ఫైలు ఉంచి, రీసెట్ మీట నొక్కి పట్టుకుని రౌటర్‌ను ఆన్ చేస్తే అదే ఫైలును తీసుకుని రాసుకుంటుంది. ఫర్మ్‌వేర్ బాగానే ఉండి సెట్టింగులు మాత్రమే చెడితే, బూట్ అవుతుండగా దీపం వేగంగా మినుకుమన్నప్పుడు మీట నొక్కి ఫెయిల్‌సేఫ్ అనే రక్షణ స్థితిలోకి వెళ్ళి, ఫస్ట్‌బూట్ ఆదేశంతో మొదటి స్థితికి తేవచ్చు. ఇవేవీ ఫలించనప్పుడు పెట్టె విప్పి, బోర్డును కంప్యూటర్‌తో నేరుగా కలిపే సీరియల్ కేబుల్ తగిలించాలి. ఆ కేబుల్ 3.3 వోల్టులదై ఉండాలి. గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) మూడే కలపాలి; విద్యుత్తు పిన్‌ను వదిలేయాలి. 5 వోల్టుల సంకేతం ఇస్తే చిప్ దెబ్బతినవచ్చు.

నిజంగా తిరిగిరానిది ఒకటుంది. ప్రతి రౌటర్‌కూ కర్మాగారంలో కొలిచి రాసిన వైఫై క్యాలిబ్రేషన్ వివరాలు, ఎక్కువ మోడళ్ళలో మ్యాక్ చిరునామాతో (పరికరపు గుర్తింపు సంఖ్యతో) సహా, ఫ్లాష్‌లో ఒక చిన్న భాగంలో ఉంటాయి. అథెరోస్ పరికరాలలో దానిని ఆర్ట్ అనీ, మీడియాటెక్ వాటిలో ఫ్యాక్టరీ అనీ (పైన చెప్పిన 'ఫ్యాక్టరీ' ఇమేజ్ వేరు) అంటారు. అది చెరిగిపోతే అదే మోడల్‌కు చెందిన మరో రౌటర్ నుంచి తెచ్చినది సరిగా సరిపోదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కిన వెంటనే ఆ భాగాన్ని కాపీ చేసి, రౌటర్‌లో కాక కంప్యూటర్‌లో భద్రపరచమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

పిడుగుపాటు వేరే సంగతి. కాలిన పోర్టును ఏ ఫర్మ్‌వేరూ బాగుచేయలేదు. అయితే కాలినది వ్యాన్ పోర్టు (బయటి నెట్ వచ్చేది) ఒక్కటే అయి, మిగిలినవి బాగుంటే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఒక ల్యాన్ పోర్టును (ఇంటి పరికరాలకు పెట్టినదానిని) వ్యాన్‌గా మార్చి ఆ రౌటర్‌నే వాడుకోవచ్చు. ఈ ప్రాంతంలో ఈ సౌకర్యం చాలా ఇళ్ళకు కొత్త రౌటర్ ఖర్చు తప్పించగలదు.

అపోహ: ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ పెట్టెలో కూడా దీనిని వేయవచ్చు.

వాస్తవం: ఓఎన్‌టీ అని పిలిచే ఆ పెట్టెలలో దాదాపు వేటికీ మద్దతు లేదు. అది ఆపరేటర్ ఆస్తి కూడా. దానిని అలాగే ఉంచి, దాని వెనుక మన రౌటర్ పెట్టుకోవడమే పద్ధతి. ఇక్కడ ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదటి చిరునామా 192.168.1.1. చాలా ఓఎన్‌టీల చిరునామా కూడా అదే. రెండూ ఒకటే అయితే నెట్ రాదు, ఫర్మ్‌వేర్ చెడిందని అనుకుంటారు. మన రౌటర్‌ను 192.168.10.1 వంటి వేరే చిరునామాకు మార్చితే సరిపోతుంది. పాత రౌటర్‌లోనే పీపీపీఓఈ లాగిన్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో ఆపరేటర్ నెట్‌కు చేరే పద్ధతి) ఉన్నవారు, దాని యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీల్యాన్ సంఖ్య (ఆపరేటర్ లైన్‌కు ఇచ్చే గుర్తు) ఉంటే అదీ, వ్యాన్ మ్యాక్ చిరునామా ముందుగా కాగితం మీద రాసుకోవాలి. కేబుల్ ఆపరేటర్లలో కొందరు కనెక్షన్‌ను ఒక మ్యాక్ చిరునామాకే కట్టివేస్తారు. ఇంకొక మాట: మొదటిసారి ఎక్కించాక వైఫై ఆపి ఉంటుంది, పాస్‌వర్డ్ ఉండదు. కేబుల్‌తో లోపలికి వెళ్ళి ముందు పాస్‌వర్డ్ పెట్టి, తరువాత వైఫై ఆన్ చేయాలి.

అపోహ: దీనితో ఊరి ఇంటి సీసీ కెమెరాను హైదరాబాద్ నుంచి నేరుగా చూడవచ్చు.

వాస్తవం: ఆపరేటర్ మనకు ఇచ్చిన వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మనం సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను చాలా ఇళ్ళకు పంచే ఏర్పాటు) వెనుక ఉన్నట్టు. అటువంటప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చేదానిని ఇంట్లోని పరికరానికి మళ్ళించడం) ఎంత చేసినా బయటి నుంచి తలుపు తెరుచుకోదు. ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామా ఉంటే దానితోనూ, లేకపోతే పబ్లిక్ చిరునామా ఉన్న ఒక అద్దె సర్వర్‌కు వైర్‌గార్డ్ అనే గుప్త సొరంగం (వీపీఎన్) వేసుకునీ చేరవచ్చు. కెమెరాను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం కన్నా వైర్‌గార్డ్ ఎంతో సురక్షితం కనుక, దారి ఉన్నా నేను పోర్టు తెరవను.

అపోహ: ఇది చట్టవిరుద్ధం, దొంగ సాఫ్ట్‌వేర్.

వాస్తవం: కాదు. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్‌లో జీపీఎల్ లైసెన్స్ (పంచేవారు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే షరతు) కింద ఉన్న లినక్స్ కోడ్ వాడినట్టు 2003లో బయటపడి, ఆ కంపెనీ సోర్స్ కోడ్ విడుదల చేయవలసి వచ్చింది. దాని ఆధారంగా 2004లో మొదలైన ప్రాజెక్టు ఇది. పేరులోని డబ్ల్యుఆర్‌టీ అక్కడిదే. 2016లో ఈ ప్రాజెక్టు నుంచి విడిపోయిన లీడే అనే శాఖ 2018లో తిరిగి కలిసింది. ఎక్కించుకోవడం మన హక్కే అయినా వారంటీ విషయంలో కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు కనుక కొత్త రౌటర్‌ను కొద్ది వారాలు కంపెనీ ఫర్మ్‌వేర్‌తోనే నడిపి, లోపం లేదని తేలాక మార్చడం మంచిది.

అపోహ: ఒకసారి వేస్తే ఇక భద్రత గురించి ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: 2017 అక్టోబరులో వైఫైలోని క్రాక్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు లీడే 17.01.4 రూపంలో సవరణ కొద్దిరోజులలోనే వచ్చింది. చవక రౌటర్ల కంపెనీలు పాత మోడళ్ళకు అటువంటి సవరణలు ఇవ్వడం అరుదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేయడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం. కానీ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలోనూ లోపాలు ఉంటాయి. అప్పట్లో ప్యాకేజీలను దింపే ఓపీకేజీ అనే సాధనం వాటి చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తేల్చే సంకేతాన్ని) సరిగా పరీక్షించడం లేదని 2020లో తెలిసింది, 19.07.1, 18.06.7 విడుదలలలో దానిని సరిచేశారు. ఆ సవరణలు మన రౌటర్‌లోకి వాటంతట అవి రావు, మనమే తెచ్చుకోవాలి.

అందుకని నేను సరిచేసిన ఇళ్ళవారికి పద్ధతి రాసి ఇస్తున్నాను. రెండు మూడు నెలలకొకసారి వెబ్‌సైట్‌లో తమ శ్రేణికి కొత్త విడుదల వచ్చిందేమో చూడాలి. వస్తే లూసీలోంచి బ్యాకప్ దింపుకోవాలి. అదనంగా వేసుకున్న ప్యాకేజీల పేర్లు రాసుకోవాలి, ఎందుకంటే మామూలు సిస్‌అప్‌గ్రేడ్‌లో సెట్టింగులు నిలుస్తాయి గాని ఆ ప్యాకేజీలు పోతాయి. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అనే సౌకర్యం వాడితే వాటితో సహా కొత్త ఇమేజ్ తయారై వస్తుంది. ఒక్కొక్క ప్యాకేజీనీ విడివిడిగా అప్‌గ్రేడ్ చేయడం మాత్రం వద్దు. చిన్న ఫ్లాష్‌లో పాత ప్రతి అలాగే ఉండి కొత్త ప్రతి పైన చేరడంతో చోటు నిండిపోతుంది, ఆ తరువాత సెట్టింగు మార్చినా నిలవదు.