మాటలు వినబడని హోం థియేటర్

హోం థియేటర్ ఉన్న ఇళ్లలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటుంది: సినిమాలో మాటలు వినబడవు, వినబడాలని సౌండ్ పెంచితే ఫైటు రాగానే కిటికీ తలుపులు అదురుతాయి. స్పీకర్లు పాడయ్యాయనో, ఇంకా పెద్దవి కొనవలసిందనో ఇంటివారు అనుకుంటారు. కానీ స్పీకరును అనుమానించడానికి ముందు టీవీ సెట్టింగును, తీగల చివరలను, అన్నిటికన్నా ముఖ్యంగా గదిని చూడాలి.

5.1 పద్ధతిలో, అంటే అయిదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫరుకూ కలిపి ఆరు దారుల్లో శబ్దం వేరువేరుగా పంచే పద్ధతిలో తయారైన సినిమాలో మాటలు చాలావరకు నడుమ ఉండే సెంటర్ స్పీకరుకే కేటాయించి ఉంటాయి. టీవీ ఆడియో సెట్టింగు పీసీఎం మీద ఉంటే చాలా టీవీలు ఆరు దారుల శబ్దాన్ని రెండు దారులకు కుదించి పంపుతాయి. అప్పుడు స్పీకర్లకు శబ్దాన్ని పంచే పెట్టె అయిన రిసీవరుకు ఏది మాటో, ఏది సంగీతమో విడదీసే ఆధారం సరిగా ఉండదు. సెట్టింగును, శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు పంపే బిట్‌స్ట్రీమ్‌కో, పాస్‌త్రూకో మార్చి, టీవీని రిసీవరుతో కలిపే తీగ రెండు చివరలూ ‘ఆర్క్’ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాల్లోనే ఉన్నాయో లేదో చూసుకోవాలి. టీవీ నుంచి శబ్దాన్ని వెనక్కి పంపే ఈ ఏర్పాటు 2009లో వెలువడిన హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, పక్కనే ఉన్న మామూలు రంధ్రం ఆ పని చేయదు. ఒకవేళ నేపథ్య సంగీతం నిక్షేపంగా వస్తూ మాటలు మాత్రమే పూర్తిగా మాయమైతే, సెంటర్ స్పీకరు తీగ ఊడి ఉండే అవకాశమే ఎక్కువ. అసలు సెంటర్ స్పీకరే లేని ఇంట్లో ఆ సంగతిని రిసీవరు మెనూలో చెప్పాలి; చెబితే అది మాటలను కుడి, ఎడమ స్పీకర్లకు పంచుతుంది.

ఏ స్పీకరు మూగబోయిందో తేల్చడానికి రిసీవరులోని టెస్ట్ టోన్ చాలు. అది ఒక్కొక్క స్పీకరుకు వరుసగా ‘స్స్’మనే శబ్దం పంపుతుంది. పలకని స్పీకరు దొరికాక కరెంటు ఆపి, దానిని తీసి దాని స్థానంలో బాగా పలుకుతున్న స్పీకరును అదే తీగకు కలపాలి. ఇదీ పలకకపోతే లోపం తీగలోనో రిసీవరులోనో ఉంది; పలికితే పాత స్పీకరే చెడింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్న నియమం ఇక్కడ చాలా ముఖ్యం. రెండు మూడు కలిపి మార్చినవారికి శబ్దం తిరిగి వచ్చినా, ఎందువల్ల వచ్చిందో తెలియదు.

తీగ చివరను కళ్లకు దగ్గరగా పెట్టి చూడాలి. పైతొడుగు ఒలిచినచోట వెంట్రుకలాంటి రాగిపోగు ఒక్కటి బయటికి తప్పి పక్క టెర్మినల్‌ను తాకితే, రిసీవరు తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆగిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే ఏదీ ఆగిపోదు, అందుకే ఆ తప్పు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతున్నప్పుడు రెండోది వెనక్కి లాగడం వల్ల మంద్రస్వరాలు (బేస్) ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలవకుండా ఎక్కడినుంచి వస్తున్నదో తెలియనట్టు చెదిరిపోతుంది.

ఎడతెగని ‘గుయ్’మనే హోరు వేరే కథ. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు కాబట్టి ఆ హోరు 50 లేదా 100 హెర్ట్జ్ వద్ద వినిపిస్తుంది. కేబుల్ టీవీ తీగ ఇంటి బయట ఒకచోట, రిసీవరు ఇంట్లో మరొకచోట ఎర్త్ అయినప్పుడు ఆ రెంటి మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం తిరిగి, హోరుగా వినిపిస్తుంది. కేబుల్ తీగను సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీయగానే హోరు ఆగితే కారణం దొరికినట్టే. దానికి, ఆ ప్రవాహాన్ని అడ్డుకునే ఐసొలేటర్ అమర్చుకోవచ్చు. హోరు పోతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరవడం మాత్రం ప్రాణాలతో ఆడుకోవడమే. ఇక రామగుండం ఎండల్లో, గాలి ఆడని షోకేసులో పెట్టిన రిసీవరు గంట సేపు పాడి ఆగిపోయి, చల్లారాక మళ్లీ పలికితే అది చెడిపోలేదు, వేడెక్కింది.

తీగలూ సెట్టింగులూ సరిగ్గా ఉన్నా తీరని బాధ గదిది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ఒక మాట పలికితే అది దాదాపు అయిదున్నర సెకన్లు మారుమోగేది. కారణం కనుక్కునే పని అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్‌కు అప్పగించారు. ఆయన మరో థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, కొన్ని కొన్ని పేర్చుతూ ఆ మారుమోత, అంటే ప్రతినాదం, ఎంత తగ్గుతుందో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగేకొద్దీ ప్రతినాదం పెరుగుతుందని, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు పెరిగేకొద్దీ తగ్గుతుందని సూత్రీకరించాడు. హన్మకొండ, కాజీపేటల్లోని కొత్త ఇళ్లలో కింద టైల్సు, పైన ఆర్‌సీసీ స్లాబు, చుట్టూ నున్నటి గోడలు ఉంటాయి. వీటిలో దేనికీ శబ్దాన్ని పీల్చుకునే గుణం పెద్దగా లేదు. మాట స్పష్టత క, త, స వంటి హల్లుల మీద ఆధారపడుతుంది. ముందు అక్షరం మోత తగ్గకముందే తరువాతి అక్షరం వచ్చి పడితే ఆ హల్లులే మొదట మునిగిపోతాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలను కొత్తవాడ మగ్గాల నుంచి తెచ్చి స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద పరిచినా, కిటికీలకు బరువైన పరదాలు కట్టినా మాటల్లో తేటదనం వస్తుంది. సెంటర్ స్పీకరును మార్చడం కన్నా నేను దీనినే ముందు చేయమంటాను.

అయితే మంద్రస్వరాలను జంపఖానా ఆపలేదు. గాలిలో 57 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడవు, ఆరు మీటర్లకు పైనే ఉంటుంది; వేలెడు మందం కూడా లేని నూలుబట్ట దానిని పట్టుకోలేదు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పడకగదిని థియేటరుగా మార్చుకున్నవారి కష్టం ఇక్కడే మొదలవుతుంది. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు ప్రయాణిస్తుంది. దానిని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 6.1 మీటర్లతో భాగిస్తే 57 హెర్ట్జ్ వస్తుంది. ఆ పౌనఃపున్యం వద్ద ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగం, అంటే ముందుకు సాగకుండా ఒకేచోట నిలిచి ఊగే తరంగం, ఏర్పడుతుంది. మూడు కొలతలూ సమానమైన గదిలో మూడు దిశల స్థిర తరంగాలూ ఒకే స్వరం మీద పోగవుతాయి. గోడ దగ్గర ఆ స్వరం ఉబ్బి వినిపిస్తుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. నడుమ కూర్చున్నవారు బేస్ లేదని, మంద్రస్వరాలను పలికించే సబ్‌వూఫరు పెంచితే, గోడకు ఆనుకున్నవారు చెవులు మూసుకుంటారు.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. సబ్‌వూఫరును సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాటను నడిపి, గోడల వెంట వంగి తిరుగుతూ వినాలి. ఎక్కడ మంద్రస్వరాలన్నీ సమంగా వినిపిస్తాయో అక్కడ సబ్‌వూఫరును ఉంచి, మనం సోఫాలో ఎప్పటి చోటే కూర్చోవాలి. శబ్దం వచ్చే చోటూ వినే చోటూ తారుమారైనా గది ప్రవర్తన మారదు కాబట్టి ఈ ఉపాయం పనిచేస్తుంది. సోఫాను వెనుక గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు జరిపితే ఉబ్బు మరికొంత తగ్గుతుంది.

రిసీవరుతో వచ్చే మైకును పెట్టి చేసే ఆటో కాలిబ్రేషన్, అంటే రిసీవరు గది శబ్దాన్ని కొలిచి తనంతట తాను సవరించుకోవడం, ఈ స్థానాలు కుదిరాకే మొదలుపెట్టాలి. అది ఉబ్బిన స్వరాన్ని తగ్గించగలదు గానీ, గది రద్దు చేసిన స్వరాన్ని తిరిగి నింపలేదు. నింపబోతే ఆంప్లిఫయరు మీద భారం పెరుగుతుంది, ఫలితం రాదు. ఆ కొలత నడుస్తున్నంతసేపు ఫ్యానూ కూలరూ ఆపి, తలుపు మూసి ఉంచాలి.